డికాక్షన్ రంగు మూత్రం

యూరిన్ బ్యాగులో అర గ్లాసుకు మించి లేదు. రంగు మాత్రం ఫిల్టర్లోంచి అప్పుడే దిగిన కాఫీ డికాక్షన్. స్ట్రిప్పు ముంచి చూస్తే రక్తం గడిలో మూడు ప్లస్సులు. అదే మూత్రాన్ని మైక్రోస్కోపు కింద పెడితే ఎర్రకణాలు ఒకటో రెండో. రెండు రిపోర్టులూ ఒకదానికొకటి పొసగవు. ఆ పొసగకపోవడంలోనే జవాబు ఉంది. బ్యాగులో దిగింది చితికిన కండల్లోంచి వచ్చిన మయోగ్లోబిన్. దానికీ రక్తానికీ తేడా స్ట్రిప్పుకు తెలియదు.

మేం తిరుపతిలో కిడ్నీ వార్డులోనూ డయాలిసిస్ గదిలోనూ పనిచేసేవాళ్ళం. యాక్సిడెంటు లేదు, పాము కరవలేదు, ఎండకు పడిపోలేదు, మనిషికి ముప్పై ఏళ్ళు నిండలేదు, మూత్రం మాత్రం ఈ రంగు. అలాంటప్పుడు వెంట వచ్చినవాళ్ళను పక్కకు పిలిచి అడిగే మాట ఒకటే ఉంటుంది. "ఏం మాత్రలు మింగతా ఉన్నాడమ్మా?" వచ్చే జవాబు కూడా దాదాపు ఒకటే. "ఏం లేదు సిస్టర్, నడుం నొప్పికి ఒకటో రెండో వేసుకుంటాడంతే." ఆ ఒకటో రెండో ఎన్నో తేల్చుకునేలోపు పోయే గంటలు మళ్ళీ దొరకవు.

మాత్ర ఎక్కడ మొదలవుతుందో ఈ జిల్లాల్లో చెప్పనక్కర్లేదు. చెన్నై రూట్లో రాత్రిళ్ళు బండి తోలేవాళ్ళు, గ్రానైట్ క్వారీల్లో రాళ్ళతో కుస్తీ పట్టేవాళ్ళు, మామిడి సీజన్లో గుజ్జు ఫ్యాక్టరీల ముందు లోడు దించేవాళ్ళు, నడుం ఆపరేషన్ అయ్యాక రాసిచ్చిన మాత్ర మానలేకపోయినవాళ్ళు. ఎక్కువగా కనిపించేది నల్లమందు జాతి నొప్పి మందు ట్రమడాల్ 37.5 మి.గ్రా., పారాసిటమాల్ 325 మి.గ్రా. కలిపిన మాత్ర. రోజుకు రెండుతో మొదలై ఇరవైకి చేరితే లెక్క ఇలా ఉంటుంది: ట్రమడాల్ 750 మి.గ్రా., పారాసిటమాల్ ఆరున్నర గ్రాములు. రోజుకు దాటకూడని హద్దులు ట్రమడాల్‌కు 400 మి.గ్రా., పారాసిటమాల్‌కు 4 గ్రాములు. కాబట్టి కిడ్నీ సంగతి తర్వాత, ముందు లివరు చూడాలి, ఫిట్స్ వచ్చాయేమో అడగాలి. ట్రమడాల్ 2018 ఏప్రిల్‌లో ఎన్‌డీపీఎస్ అనే మత్తుమందుల చట్టం కిందికి వచ్చింది. ఇప్పుడు జేబుల్లో అదే జాతి టపెంటడాల్ షీట్లూ దొరుకుతున్నాయి. షీటు మీద పేరు మారింది, మంచం మీద మనిషి తీరు మారలేదు.

ఈ మందులు నేరుగా కిడ్నీని దెబ్బతీయడం తక్కువ. దెబ్బ చుట్టూ తిరిగి వస్తుంది. మామూలు నిద్రలో చెయ్యి ఒంటి కింద నలిగితే మనకు తెలియకుండానే పక్కకు ఒత్తిగిల్లుతాం. మత్తు మందు ఆ ఒత్తిగిలడాన్ని చంపేస్తుంది. రాత్రి పదింటికి కుడిపక్కకు పడుకున్న మనిషి ఉదయం ఏడింటికీ అదే పక్కన ఉంటాడు. పైగా మద్యం కూడా తాగి ఉంటే చెప్పే పనే లేదు. ఆ తొమ్మిది గంటలూ భుజం, పిర్ర, తొడ, పిక్క ఒంటి బరువు కింద రక్తం ఆడక చస్తుంటాయి. లేపి అటు తిప్పగానే రక్తం మళ్ళీ పారుతుంది. చచ్చిన కండలోని పొటాషియం, ఫాస్ఫేటు, మయోగ్లోబిన్ అన్నీ ఒక్కసారిగా ఒంట్లోకి దిగుతాయి. అప్పటికే నీళ్ళు లేక, బీపీ పడిపోయి కిడ్నీ ఎండి ఉంటుంది. చిక్కబడిన, ఆమ్లపు మూత్రంలో మయోగ్లోబిన్ గడ్డకట్టి సన్న గొట్టాలను పూడ్చేస్తుంది. సింకు పైపులో కాఫీ పిప్పి ఇరుక్కున్నట్టే. ఫిట్స్ వచ్చి ఉంటే ఆ కుదుపులకు కండ ఇంకా నలుగుతుంది.

మిగతా దారులు క్లుప్తంగా. మత్తు మందుకు మూత్రాశయం మూతి బిగుసుకుపోయి మూత్రం లోపలే నిలబడిపోవచ్చు. ట్యూబు వేయగానే లీటరుకు పైగా దిగి, రెండు మూడు రోజుల్లో కిడ్నీ పని చెప్పే క్రియాటినిన్ అంకె దానంతటదే తగ్గుతుంది. అందుకే మిగతా ఏ పరీక్షకన్నా ముందు పొత్తికడుపు మీద చెయ్యి వేసి చూడాలి, ఖర్చులేని పరీక్ష. మాత్రలో డైక్లోఫినాక్ లాంటిది కలిసి ఉంటే అది కిడ్నీకి వెళ్ళే రక్తాన్నే తగ్గిస్తుంది. సూదితో ఎక్కించుకునేవాళ్ళది వేరే లెక్క: హెపటైటిస్ సి, హెచ్ఐవీ, గుండె కవాటానికి ఇన్ఫెక్షన్, ఏళ్ళ తరబడి చీము పుండ్ల వల్ల కిడ్నీలో పేరుకునే అమిలాయిడ్ అనే ప్రోటీన్. వాళ్ళలో మూత్రం నురగ కడుతుంది, కాళ్ళు వాస్తాయి, చివరికి బయాప్సీ దాకా వెళ్తుంది. అది నెలల మీద నడిచే జబ్బు. డికాక్షన్ రంగుది గంటల మీద నడిచేది.

క్యాజువాలిటీలో ముందు చూసేది ఊపిరి. నిమిషానికి ఎనిమిది, పది మధ్య ఆడుతూ, కంటిపాపలు ఆవగింజంత ఉంటే మత్తుకు విరుగుడు నాలాక్సోన్ ఇస్తారు. ఆంప్యూలులో ఉండేది 0.4 మి.గ్రా. అలవాటు పడిన మనిషికి అది మొత్తం ఒక్కసారిగా గుచ్చితే లేచి కూర్చుని వాంతులు చేసుకుంటాడు, సెలైన్ పీకేసి తలుపు దాకా పరుగెత్తుతాడు. అందుకని 10 మి.లీ.కి కలిపి, ఒక్కో మి.లీ. చొప్పున, ఊపిరి పన్నెండు దాటేదాకా ఎక్కిస్తాం. మనిషి లేచి మాట్లాడాలన్న పట్టింపు లేదు, ఊపిరి ఆడితే చాలు. ట్రమడాల్ అయితే కంటిపాప చిన్నది కాకపోవచ్చు, నాలాక్సోన్‌తో ఫిట్స్ రావచ్చు కూడా. ఇక ఇంటివాళ్ళు పొరపడేది ఇక్కడే: "లేచినాడు కదా సార్, తీసుకుపోతాం." నాలాక్సోన్ పని గంట, గంటన్నరలో అయిపోతుంది. కిడ్నీ ఆగిపోయిన ఒంట్లో మందు, అది విరిగి మిగిలిన ముక్కలు అంతకన్నా చాలా ఎక్కువసేపు తిరుగుతాయి. మళ్ళీ మత్తు కమ్మి దారిలోనే ఊపిరి ఆగొచ్చు. కిడ్నీ దెబ్బతిన్నవాళ్ళను కనీసం ఒక రోజు మానిటర్ కిందనే ఉంచుతాం.

మూత్రంలో మత్తు మందుల పరీక్ష చేశారు, నెగెటివ్ వచ్చింది, కాబట్టి మాత్రలు లేవు అని రిఫరల్ చీటీ మీద రాసి పంపడం చూస్తుంటాం. ఆ మామూలు కిట్టు పట్టేది మార్ఫిన్‌ను, కోడీన్‌ను. ట్రమడాల్, టపెంటడాల్, ఫెంటానిల్, బ్యుప్రెనార్ఫిన్ దానికి కనబడవు. కిట్టుకన్నా ఖాళీ షీట్లే నమ్మకం. దిండు కింద, లారీ క్యాబిన్లో, బండి డిక్కీలో, చొక్కా జేబులో వెతికి దొరికినవన్నీ ఒక కవరులో వేసుకొని రండి అని ఇంటికి ఫోన్ చేయిస్తాం. షీటు వెనకాల అచ్చేసి ఉన్న మందు పేర్లు, మిల్లీగ్రాములు, ఎన్ని గుంతలు ఖాళీగా ఉన్నాయి, ఇవే డాక్టరుకు కావలసినవి.

పోలీసులంటే భయంతోనే చాలామంది నోరు విప్పరు. క్యాజువాలిటీలో ఎంఎల్‌సీ అంటే మెడికో లీగల్ కేసుగా రాయడం ఆసుపత్రి పద్ధతి, వైద్యం దానికోసం ఆగదు. కొద్దిపాటి పరిమాణంతో పట్టుబడిన వ్యసనపరుడు తనంతట తాను చికిత్సకు వస్తే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఇచ్చే 64ఎ సెక్షన్ ఎన్‌డీపీఎస్ చట్టంలోనే ఉంది. చావాలనే మింగాడేమో అన్న ప్రశ్న కూడా మనిషి ఒంటరిగా ఉన్నప్పుడే డాక్టరు అడుగుతారు. అత్తామామల ముందు అడిగితే నిజం రాదు.

ఇక సెలైన్. కండ చితికితే రక్తంలో పెరిగే ఎంజైము సీపీకే. అది మామూలుగా 200 లోపు ఉండాలి. 5,000 దాటితే కిడ్నీకి ముప్పు. లక్ష దాటినవీ ఉంటాయి, అప్పుడు మిషను చదవలేక ల్యాబ్ వాళ్ళు శాంపిల్‌ను పలచన చేసి మళ్ళీ నడుపుతారు, రిపోర్టు ఆలస్యమైతే కారణం అదే కావచ్చు. మొదటి గంటలో లీటరు నార్మల్ సెలైన్, ఆ తర్వాత గంటకు 200 నుంచి 300 మి.లీ. మూత్రం దిగేలా సరిపెట్టుకుంటూ పోవాలి. ఇందులో అసలు పని చార్టు రాయడం. గంట గంటకూ ఎక్కింది ఎంత, దిగింది ఎంత. రాత్రి రెండింటికి ఎవరో ఒకరు బ్యాగు వంచి, కొలిచి, రంగు రాయాలి: డికాక్షన్, పలచ టీ, గడ్డి రంగు. రంగు ఇలా దిగుతుంటే దారిలో ఉన్నట్టే. నాలుగైదు లీటర్లు ఎక్కినా బ్యాగులో యాభై, అరవై మి.లీ.కి మించకపోతే మాత్రం బాటిల్ ఆపేయాలి. ఆపకుండా ఎక్కిస్తూ పోతే ఆ నీళ్ళు ఊపిరితిత్తుల్లో చేరతాయి. బయట నుంచి వచ్చే కేసుల్లో మేం ఎక్కువగా చూసే రెండు తప్పులూ ఒకదానికొకటి ఎదురు. ఒకటి మొదటి ఆరు గంటల్లో చాలా తక్కువ ఎక్కించడం, రెండోది మూత్రం ఆగాక కూడా ఎక్కిస్తూనే ఉండడం. పీలేరు వైపు నుంచో శ్రీకాళహస్తి వైపు నుంచో పంపేటప్పుడు ఎన్ని బాటిళ్ళు పోయాయో, ఎంత మూత్రం దిగిందో చీటీ మీద ఒక్క లైను రాసి పంపితే అదే పెద్ద సాయం.

కాల్షియం తక్కువగా కనిపిస్తుంది, కంగారుపడి ఎక్కించకూడదు. అది చితికిన కండలో చేరి కూర్చుంది, కోలుకునేటప్పుడు తిరిగి బయటికి వచ్చి ఎక్కువవుతుంది. ఈసీజీ మారినప్పుడే ఇవ్వాలి. పొటాషియం పెరిగి ఈసీజీలో టి గీత గుడారంలా లేచినా, క్యూఆర్ఎస్ అనే నిటారు గీత వెడల్పయినా, 10 శాతం కాల్షియం గ్లూకోనేట్ 10 మి.లీ. నిదానంగా ఇస్తారు. దాంతో పొటాషియం ఒక్క పాయింటు కూడా తగ్గదు, గుండెకు అరగంట, గంట కాపు మాత్రమే. తగ్గించేది రెగ్యులర్ ఇన్సులిన్ 10 యూనిట్లు, వెంట 25 శాతం డెక్స్‌ట్రోజ్ 100 మి.లీ. కిడ్నీ పనిచేయని ఒంట్లో ఇన్సులిన్ త్వరగా పోదు. నాలుగైదు గంటల తర్వాత కూడా షుగర్ 50కి పడిపోయి చెమటలు పట్టడం మామూలే. గంటకోసారి గ్లూకోమీటర్ తప్పదు.

కాలు గురించి వేరుగా చెప్పాలి. ఒత్తుకుపోయిన పిక్క రెండో రోజుకు కొయ్యలా బిగుసుకుంటుంది. కాలి వేళ్ళను పైకి వంచితే మనిషి గావుకేక పెడతాడు, బొటనవేలికీ రెండో వేలికీ మధ్య స్పర్శ పోతుంది. ఇంట్లోవాళ్ళు బెణికిందనుకొని నూనె పట్టించి తోముతారు, కాపడం పెడతారు. ఈ చుట్టుపక్కల కాలు వాచిందంటే ముందు గుర్తొచ్చేది పుత్తూరు కట్టు. ఎముక సంగతి వేరు. ఇది కండరం తన సంచీలోనే ఉబ్బి రక్తనాళాలను నొక్కేసుకోవడం, దీనికి కట్టు అంటే ఉరి బిగించినట్టే. పాదం మీద నాడి తగులుతోంది కదా అని ఊరుకోవడం ఇంకో పొరపాటు. నాడి పోయేది అన్నిటికన్నా చివర. లోపలి ఒత్తిడికీ బీపీ కింది అంకెకూ మధ్య తేడా 30 లోపు పడితే సర్జన్ పిక్కను పొడవునా కోసి విప్పాల్సిందే. మూడో రోజు దాటాక కూడా సీపీకే తగ్గకుండా పెరుగుతుంటే ఒంట్లో ఏదో ఒక కండ ఇంకా చస్తోందని అర్థం, మళ్ళీ దుప్పటి తీసి పిర్రల దాకా చూడాలి.

మందులకు లొంగని పొటాషియం, ఊపిరితిత్తుల్లో నీరు, రక్తంలో ఆమ్లం, మగతకు తోసే యూరియా. ఈ నాలుగింట్లో ఏది ఉన్నా డయాలిసిస్. మెడ కుడివైపు నరంలో రెండు దారుల లైను వేస్తారు. పెన్ను రీఫిల్‌కన్నా కొంచెం లావు, లోపలికి 15 సెంటీమీటర్లు. మొద్దుబార్చే లిగ్నోకెయిన్ సూది చురుక్కుమనడం, ఆ తర్వాత ఎవరో మెడను నొక్కుతున్నట్టుండడం తప్ప పెద్ద నొప్పి ఉండదు. ఎక్స్‌రే తీసి చివర ఎక్కడుందో చూశాకే మిషనుకు తగిలిస్తాం. మొదటిసారి రెండు గంటలే, రక్తం పంపు నిమిషానికి 150, 200 మి.లీ. మధ్య. "ఇంత దూరం వచ్చినాము, నాలుగు గంటలు పెట్టేయండి సార్" అంటారు. యూరియా ఒక్కసారిగా దించితే మెదడులోకి నీరు చేరి తలనొప్పి, వాంతులు, ఫిట్స్ వస్తాయి. రెండోసారి మూడు గంటలు, మూడోసారి నాలుగు. పిక్క కోసిన గాయం ఉంటే రక్తం గడ్డకట్టనివ్వని హెపారిన్ లేకుండా, అరగంటకోసారి 100 మి.లీ. సెలైన్‌తో గొట్టాలు కడుగుతూ నడుపుతాం. అప్పటికీ రక్తం వడపోసే డయలైజర్ గడ్డకట్టి ఓ రక్తపు గ్లాసు పోగొట్టుకున్న రోజులుంటాయి.

అయ్యాక లైను రెండు కొసల్లోనూ హెపారిన్ నింపి మూత వేస్తాం. ఎంత నింపాలో ఆ కొసల మీదే అచ్చేసి ఉంటుంది, 1.2 అనో 1.3 అనో. అందాజాగా రెండేసి మి.లీ. తోస్తే మిగిలింది ఒంట్లోకి పోయి గాయం కారుతుంది. ఈ లైనులోంచి మామూలు సెలైన్, ఇంజెక్షన్లు ఇవ్వనివ్వద్దు. మిషను మీద ఉండగా చలిజ్వరం వణికిస్తే లైనులో ఇన్ఫెక్షన్ అనే అనుకోవాలి, లైనులోంచీ చేతిలోంచీ రెండు బ్లడ్ కల్చర్లు తీయాలి. డయాలిసిస్ చేసినా సీపీకే తగ్గలేదేమని అడుగుతుంటారు. అది మిషనుతో పోయేది కాదు, దాని దారిన అది రోజూ కొంత తగ్గుతుంది.

"ఒకసారి మిషను ఎక్కితే ఇక జన్మంతా ఎక్కాల్సిందేనంట కదా?" వార్డులో ఇది రోజూ వినే మాట. ఈ జబ్బులో చాలామందికి రెండు నుంచి నాలుగు వారాల్లో మిషను అవసరం తీరిపోతుంది. మూడు నెలలు దాటినా తేరుకోకపోతేనే దీర్ఘకాలిక జబ్బు లెక్కలోకి వస్తుంది. ఎందుకైనా మంచిదని, వాటం లేని చేతి ముంజేతి నరాల్లో సూదులు గుచ్చనివ్వం. డయాలిసిస్ కోసం చేతిలో ధమనినీ సిరనూ కలిపే ఫిస్టులా అవసరం పడితే ఆ నరాలే దిక్కు.

కిడ్నీ వైద్యం తెలిసినవాళ్ళం కూడా మొదట్లో తప్పటడుగు వేసేది రెండో రోజు సాయంత్రం. ఆవలింతలు, ముక్కు కారడం, ఒళ్ళంతా కోడి ఈకలు పీకినట్టు గగుర్పాటు, విరేచనాలు, కాళ్ళు ఒకచోట నిలవకపోవడం. యూరియా వల్ల అనుకొని ఇంకో డయాలిసిస్ రాసే ప్రమాదం ఉంది, ఎందుకంటే వికారం, కాళ్ళ పీకుడు రెండింట్లోనూ ఉంటాయి. ఆవలింతలు, పెద్దవైన కంటిపాపలు యూరియాలో ఉండవు. అది మాత్ర ఆగిన బాధ. పట్టించుకోకపోతే మనిషి మెడ లైనుతోనే లేచిపోతాడు, లేదా చూడవచ్చిన స్నేహితుడు జేబులో షీటు తెస్తాడు. రెండూ జరుగుతాయి. సైకియాట్రీ డాక్టర్ను అదే రోజు పిలిపించాలి. నాలుక కింద కరిగే బ్యుప్రెనార్ఫిన్ ఇక్కడ పనికొచ్చే మందు. లివరులో కరిగేది కాబట్టి కిడ్నీ కోసం మోతాదు తగ్గించనక్కర్లేదు, డయాలిసిస్‌లో కొట్టుకుపోదు. అయితే బాధ బాగా మొదలయ్యాకే 2 మి.గ్రా., 4 మి.గ్రా.తో ఆరంభించాలి. ఒంట్లో పాత మందు ఉండగా ముందే వేస్తే ఉన్న బాధ పదింతలవుతుంది. ఆ బాధ తగ్గించే క్లోనిడిన్ ఇస్తే మిషను మీద బీపీ జారిపోతుంది, జాగ్రత్త.

పిక్క గాయానికి నొప్పి నిజమైన నొప్పే. వ్యసనపరుడని నొప్పి మందు ఎగ్గొట్టడం మాకు అస్సలు నచ్చని పద్ధతి. లివరు బాగుంటే పారాసిటమాల్ రోజుకు 3 గ్రాముల లోపు. డైక్లోఫినాక్, ఐబుప్రొఫెన్ దగ్గరికే రానివ్వకూడదు. మార్ఫిన్, కోడీన్ ముక్కలు కిడ్నీ పనిచేయని ఒంట్లో పేరుకుంటాయి, అవసరమైతే ఫెంటానిల్. నరాల నొప్పి మందు గాబాపెంటిన్ రాస్తే డయాలిసిస్ అయ్యాక 100 మి.గ్రా. చాలు. మామూలు మోతాదు వేస్తే మూడు రోజులు నిద్రలోనే ఉంటాడు.

మూత్రం తిరిగి మొదలైతే వార్డంతా సంబరం. రోజుకు 300, తర్వాత 800, వారం తిరిగేసరికి మూడు నాలుగు లీటర్లు. కిడ్నీ వడపోత మొదలెట్టింది గానీ నీళ్ళను పట్టి ఉంచే పని ఇంకా నేర్చుకోలేదు. నిన్నటిదాకా పొటాషియం వద్దన్నవాళ్ళం ఇప్పుడు తగ్గిపోయిందని ఎక్కిస్తాం. ఇంటివాళ్ళకు ఇది బొత్తిగా అర్థం కాదు. మూత్రం రాని రోజుల్లో మంచం పక్కకు కొబ్బరి బోండాం రాకూడదు, ఒక్క దాంట్లోనే అర గ్రాముకు పైగా పొటాషియం ఉంటుంది. ఊరిబిండి పచ్చడి, మామిడి పండు, టమోటా రసం కూడా అంతే. కూరగాయలు తరిగి ఉడికించి ఆ నీళ్ళు పారబోసి వండాలి. శ్రీవారి ప్రసాదం తెస్తే చిటికెడు నోట్లో వేయండి, లడ్డూ మొత్తం వద్దు.

డిశ్చార్జి తర్వాత వారానికోసారి క్రియాటినిన్, పొటాషియం. మూడు నెలలకు మూత్రంలో ఆల్బుమిన్, బీపీ. బతికి బయటపడ్డాడు కదా అని నడిచి కొండెక్కే మొక్కు చాలామంది మొక్కుకుంటారు. అలిపిరి మెట్లు 3,550. సీపీకే మామూలుకు వచ్చి, డాక్టరు సరేననేదాకా ఆ మొక్కు బస్సులో తీర్చుకోవడమే క్షేమం. బ్యుప్రెనార్ఫిన్ ఎక్కడ ఇస్తారో తెలియకపోతే 14446కు ఫోన్ చేస్తే చెబుతారు, డబ్బులు పడవు. డిశ్చార్జి కాగితం మీద ఆ మందు పేరు, మోతాదు, మళ్ళీ చూపించుకోవాల్సిన తేదీ ఉన్నాయో లేదో కౌంటర్ దగ్గరే చూసుకోండి. కిడ్నీ మందులన్నీ రాసి దీన్ని వదిలేయడం జరుగుతుంటుంది.

ఇంకొకటి పేషెంటుకు చెప్పం, ఇంటి మనిషిని పక్కకు పిలిచి చెబుతాం. మూడు వారాలు మాత్ర లేకుండా ఉన్న ఒంటికి పాత ఓపిక పోయింది. ఒకప్పుడు అరిగించుకున్న పది మాత్రలు ఇప్పుడు ఊపిరి ఆపేస్తాయి. "ఇల్లంతా వెతికినాము సిస్టర్, ఏం లేవు" అంటారు. బియ్యం డబ్బా చూశారా? బండి సీటు కింద?